గుత్తపనియు, పురధర్మమును

లోకమున ఎవడును తన పనులన్నిటిని తానే చేసికొనజాలడు. ఇల్లు కట్టదలచినవానికి తాపీ పట్టుట రాదు. తాపీ పట్టువానికి తలుపు చెక్కుట రాదు. ఒకరి నేర్పును మరియొకరు వెలయిచ్చి కొనుటచేతనే సంఘము నడచుచున్నది. కావున పనిని పరుల కప్పగించుట దోషమని ఎవ్వరును అనజాలరు. కాని పని చేతులు మారునప్పుడు దానితోకూడ ఏది చేతులు మారును, ఏది మారదు అను ప్రశ్న యొకటి మిగిలియున్నది. బాలుడు తన లెక్కను తోటివానిచేత వ్రాయించి ఉపాధ్యాయునకు చూపవచ్చును. వ్రాత చేతులు మారినది గాని లెక్క నేర్వవలసిన విధి వానినే అంటియున్నది. అట్లే యొక పురము తన వీథులను, మురుగుకాలువలను, దీపములను, గోడలను గుత్తకిచ్చునప్పుడు, వానివలన ప్రజలకు కలుగు మేలుకీళ్లకు పూచీని కూడ గుత్తకీయగలదా? మేమీ వ్యాసమున విచారింపదలచినది ఇంతమాత్రమే.

విశాఖపట్టణమను పేరు వినగానే మనకు పెద్దపనులు జ్ఞప్తికి వచ్చును. రెండు పాత ఓడలను ముంచి వానిని అలలకు అడ్డుగా నిలిపి, 1933లో తెరచిన రేవు ఒకటి. 1966 నాటి ఉద్యమమునకు ఫలముగా 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారము మరియొకటి. ఇట్టివి తరమున కొకటి వచ్చును. గృహస్థుడు దినదినము జీవించునది రేవులోను కాదు, కొలిమియొద్దను కాదు. ఇంటిముందటి కాలువపై పలక విరిగినదా, వీథిదీపము వెలుగుచున్నదా, పిల్లలు చదువు బడిగోడ నిలిచియున్నదా అనునవియే వానికి పురపాలనము. 1858లో కొందరు పౌరులు కూడి స్వచ్ఛందసంఘముగా ఏర్పరచుకొనిన పురపాలనము 1979లో నగరపాలక సంస్థయై, 2005లో గాజువాకను, చుట్టుపట్ల గ్రామములను కలుపుకొని మహానగరపాలక సంస్థయైనది. పురము పెరిగినకొలది ఈ చిన్నపనులును పెరిగినవి. వీనిలో పెక్కింటిని నేడు స్వయముగా చేయునది పురము కాదు. పురము ఎన్నుకొనిన గుత్తదారు.

ఆ ఎన్నిక జరుగు విధము చదువరులలో కొందరికి తెలిసియే యుండును. ఇంజనీరు పనికి అంచనా కట్టును, ప్రకటన వెలువడును, పని చేయగోరువారు ధరావతు కట్టి, తామెంతకు చేయుదురో టెండరులో తెలుపుదురు. అర్హులలో తక్కువ ధర చెప్పినవానికి పని దక్కును. పని సాగుచుండగా అధికారి వచ్చి పొడవును, వెడల్పును, లోతును కొలిచి కొలతల పుస్తకమున వ్రాయును. ఆ వ్రాతనుబట్టి బిల్లు, బిల్లునుబట్టి సొమ్ము. పని ముగిసిన పిమ్మటను కొంత సొమ్ము నిలిపియుంచి, నియమితకాలములోపల పని చెడినచో గుత్తదారే దానిని బాగుచేయవలెనని షరతు వ్రాయుదురు.

ఈ పద్ధతి దురుద్దేశముతో పుట్టినది కాదు. అధికారి తనవానికి పని కట్టబెట్టకుండుటకును, పన్ను చెల్లించువాని ధనము వ్యర్థము కాకుండుటకును ఇది యేర్పడినది. టెండరు పెట్టెకు పోవు దారిలో మనుష్యులను నిలిపి, పోటీదారులను దగ్గరకు రానీయని దినములు మన రాష్ట్రమున ఉండెడివి. 2003లో ఉమ్మడి రాష్ట్రమున టెండర్లను కంప్యూటరు ద్వారా స్వీకరించు ఏర్పాటు జరిగిన పిమ్మట ఆ బెదిరింపునకు చాలవరకు త్రోవ మూసికొనిపోయినది. ఈ మేలును మరచి గుత్తపద్ధతిని తూలనాడుట న్యాయము కాదు.

అయినను ఈ పద్ధతికి ఒక గ్రుడ్డితనము కలదు. ధర అంకెలకు లొంగును. నేర్పును, నిజాయితీయు లొంగవు. ఇద్దరిలో మంచిపనివానిని ఎన్నుకొనిన అధికారిని, అట్లేల చేసితివని పదిమంది ప్రశ్నింతురు. తక్కువ ధరవానిని ఎన్నుకొనిన అధికారిని ఒక్కడును ప్రశ్నింపడు. కావున తక్కువ ధర పురమునకు లాభమగుటకంటె ముందుగా అధికారికి కవచమగుచున్నది. ఇది ప్రభుత్వము ఎరుగనిదికాదు. అంచనాకు నూటికి 5 వంతులు మించి పాడరాదనియు, 25 వంతులకంటె తక్కువకు పాడినవాడు ఆ తేడాకు అదనపు హామీ చూపవలెననియు 2003లోనే ఉత్తరువు వెలువడినది. మితిమీరిన అగ్గువయు ప్రమాదమే యని ఆ ఉత్తరువు ఒప్పుకొనుచున్నది. అయినను 2019లో మన రాష్ట్రమున అందరికంటె తక్కువగా వచ్చిన ధరనే మొదటిమెట్టుగా చేసి, అక్కడనుండి ఇంకను దిగువకు పాడించు రివర్సు టెండరు పద్ధతిని తెచ్చిరి; 2024లో దానిని తీసివేసిరి. తెచ్చినవారు ధనము మిగిలినదనిరి. తీసివేసినవారు పని చెడినదనిరి. ఆ వాదమును రాజకీయులకు విడిచి, మేమొక చిన్న లెక్క వేయుదుము.

అంచనాకంటె నూటికి 20 వంతులు తగ్గించి ఒకడు పని పాడినాడనుకొందము. అంచనా సరియైనదే యైనచో, వానికొరకు సిమెంటు ధర తగ్గదు. ఇనుము ధర తగ్గదు. కంకర లారీ బాడుగ తగ్గదు. వాని చేతిలో తగ్గింపదగినవి మూడే కలవు: మలామాలో సిమెంటు పాలు, కూలివాని కూలి, పని పక్వమగుటకు పట్టు కాలము. కట్టినగోడను దినములకొలది తడుపవలెను. తడుపుటకు మనిషి కావలెను. మనిషికి కూలి కావలెను. ఈ మూడింటిలో ఏదియు కొలతల పుస్తకమునకు అందదు. ఆ పుస్తకము పొడవు, వెడల్పు, లోతు చెప్పును. పైన పూత పూసిన తరువాత బలమైన గోడకును, బలహీనమైన గోడకును పొడవు ఒక్కటియే.

ఇది ఊహామాత్రమైన భయము కాదని విశాఖవాసులకు ఒక దుర్దినము బోధించినది. సంవత్సరమంతయు చందనపు పూతలో నుండు సింహాచల వరాహ నృసింహస్వామి నిజరూపమును భక్తులు చూడగలుగునది అక్షయతృతీయనాడు మాత్రమే. 2025 ఏప్రిల్ 30వ తేదీన, ఇంకను తెల్లవారకముందే, వానలో వరుసగా నిలిచియున్న భక్తులపై గోడ కూలి ఏడుగురు మరణించిరి. అది మూడువందల రూపాయల టిక్కెట్టు కొన్నవారి వరుస. కూలినది శతాబ్దములనాటి గోడ కాదు, క్రొత్తగా కట్టినది. ప్రభుత్వము ముగ్గురు సభ్యుల విచారణసంఘమును నియమించినది. గోడకు తగిన పునాదియు, వెనుక నిలిచిన నీరు బయటికి పోవు రంధ్రములును లేవని విచారణలో తేలినట్లు పత్రికలు వ్రాసినవి. ఇంత స్వల్పకాలమున కట్టజాలనని తాను చెప్పితిననియు, అధికారులు తొందరపెట్టగా కట్టితిననియు గుత్తదారు విచారణలో చెప్పుకొనినట్లును అవి ప్రకటించినవి. పిమ్మట పలువురు అధికారులు సస్పెండయిరి; గుత్తదారు పేరు నిషిద్ధుల పట్టికకెక్కినది.

ఈ గోడ కట్టించినది నగరపాలక సంస్థ కాదు. అయినను మా ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము అక్కరలేదు. మేమెవ్వరి నేరమును ఇచ్చట తీర్పుచేయబోవుటలేదు. అది న్యాయస్థానముల పని. మేము చూపదలచినది ఈ గొలుసు స్వరూపము. గుత్తదారు చేయలేననెననుట నిజమే యనుకొందము, అయినను చేసెను. అధికారి చేయుమనెననుకొందము; అయినను తాను తాపీ పట్టలేదు. పై అధికారి తేదీని నిర్ణయించెను. అయినను గోడను చూడలేదు. ప్రతివాని చేతిలోను తన భాగము నెరవేరినదని చూపు కాగితమొకటి యుండును. ప్రతి కాగితమును విడివిడిగా చదివినచో తప్పు కనబడదు. అన్నియు కలిపి చదువునప్పటికి గోడ పడియున్నది. ఏ కాగితమునందును పేరులేనివారు దానిక్రింద నున్నారు.

పనిని ముక్కలు చేసి పంచవచ్చును. బాధ్యతను ముక్కలు చేసి పంచినచో అది ప్రతివానియొద్ద కొంచెము కొంచెముగా నుండదు, ఎవ్వనియొద్దను ఉండదు. ఇది గుత్తపద్ధతి యొక్క నైతికదోషమని మా అభిప్రాయము. లంచము దానికంటె చిన్నదోషము. లంచము పుచ్చుకొనువాడు తాను తప్పు చేయుచున్నానని ఎరిగియే చేయును. బాధ్యత ఆవిరియైపోయిన చోట మంచివారు కూడ మనసున కే ముల్లును గ్రుచ్చుకొనకుండ చెడ్డపనికి తోడ్పడుదురు.

న్యాయశాస్త్రము ఈ విషయమున మన పురపాలకులకంటె ముందున్నది. లండనులో ఒకడు ఉమ్మడిగోడ నానుకొని తన ఇంటిని తిరిగి కట్టించుచుండగా, గుత్తదారుని పనివారు అజాగ్రత్తగా గోడను కోయుటచేత కట్టడము కూలి పొరుగింటికి నష్టము కలిగినది. నేను మంచి శిల్పిని, మంచి గుత్తదారుని నియమించితిని, ఇక నా తప్పేమని యజమాని వాదించెను. 1883లో ప్రభువులసభ ఆ వాదమును త్రోసివేసినది. పొరుగువానికి కీడు కలుగకుండ చూడవలసిన విధి యజమానిది; పని చేయువానిని మార్చినంతమాత్రమున ఆ విధి మారదు. మన దేశమునందు 1970 నాటి కంట్రాక్టు కార్మికుల చట్టము ఈ న్యాయమునే కూలివిషయమున విధించినది: గుత్తదారు కూలి చెల్లింపనిచో అసలు యజమానియే చెల్లింపవలెను. 2025 నవంబరులో ఆ చట్టము స్థానమున అమలులోనికి వచ్చిన క్రొత్త స్మృతియందును ఆ సూత్రము నిలిచియున్నది. కూలివిషయమున ఒప్పుకొనిన న్యాయమును గోడవిషయమున, కాలువవిషయమున, ప్రాణముల విషయమున ఒప్పుకొనుటకు సంకోచమేల?

ఇచ్చట కొందరు, అట్లయిన గుత్తను రద్దుచేసి పురమే అన్నిపనులను తన జీతగాండ్రచేత చేయించుకొనరాదా యని యడుగుదురు. మేము అంతదూరము పోజాలము. సొంత సిబ్బందితో చేయించిన పనులలో సోమరితనము, వస్తువుల దొంగతనము, ఏండ్లకొలది సాగుట మన మెరుగనివి కావు. వీథులూడ్చువారి చరిత్రమును చూడుడు. మధ్యవర్తి కంట్రాక్టర్లు కూలిలో కోత పెట్టుచున్నారని, 2020లో రాష్ట్రప్రభుత్వము తానే ఒక సంస్థను నెలకొల్పి పొరుగుసేవల ఉద్యోగులకు జీతములను నేరుగా అందజేయు ఏర్పాటు చేసినది. మధ్యవర్తి పోయెను, మేలే జరిగినది. అయినను 2023 డిసెంబరులో పురపాలక పారిశుద్ధ్య కార్మికులు రాష్ట్రమంతట సమ్మెకట్టి, 2024 జనవరి వరకు సాగించిరి. తెల్లవారకముందే లేచి మన వీథిని శుభ్రపరచువానికి, నేనెవరివాడనను ప్రశ్నకు నిలుకడగల జవాబు అప్పటికిని దొరకలేదు. పేరు మార్చినంతమాత్రమున సంబంధము మారదని దీనివలన తేలుచున్నది.

మరియు గుత్తదారునందరును దొంగగా చూచుటయు అన్యాయమే. చిన్న గుత్తదారు భార్య నగలు కుదువపెట్టి ధరావతు కట్టును. వడ్డీకి అప్పు తెచ్చి ఇసుక తోలించును. పని ముగించి బిల్లుకొరకు నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు తిరుగును. ఉపాధిహామీ పథకము క్రింద చేసిన పనుల బకాయిలకై పలువురు న్యాయస్థానమునకు పోగా, 2021 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నూటికి 12 వంతుల వడ్డీతో చెల్లింపుమని ఉత్తరువు చేయవలసివచ్చినది. మాట ప్రకారము సొమ్మీయని పురమునకు, మాట ప్రకారము పని చేయలేదని గద్దించు ముఖమెక్కడిది? ఆలస్యముగా వచ్చు సొమ్మునకు వడ్డీని గుత్తదారు తన జేబునుండి కట్టడు. గోడలోని సిమెంటునుండి కట్టును. అప్పు తీసికొనినది పురము. వడ్డీ చెల్లించునది గోడక్రింద నడచు బాటసారి.

గుత్తను ధర్మముగా నడుపుట అసాధ్యము కాదనుటకు విశాఖలోనే యొక నిదర్శనము కలదు. 2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను ఈ పురమును చీకటిలో ముంచిన తరువాత, 2015లో 90 వేలకు పైగా వీథిదీపములను మార్చి ఎల్ఇడి దీపములను అమర్చిరి. కేంద్రప్రభుత్వరంగ సంస్థలు కూడి నెలకొల్పిన ఈఈఎస్ఎల్ అను సంస్థ పెట్టుబడి పెట్టినది. కరెంటు ఖర్చులో మిగిలిన సొమ్మునుండి ఏండ్లమీద దానికి చెల్లింపు. అంతకాలము దీపముల సంరక్షణ భారమును ఆ సంస్థదే. ఇందలి కీలకము చదువరులు గమనింపవలెను. దీపమును అమర్చి బిల్లు పుచ్చుకొని పోవుటలో గాక, దీపము వెలుగుచుండుటలో సంస్థకు లాభము పెట్టిరి. గుత్తదారుని లాభమును పురముయొక్క లాభమును ఒక్క త్రాటికి కట్టినచో సగము కావలి తానే జరుగును.

కాని సగము మాత్రమే. దీపము ఆరినచో వీథియంతయు సాక్షి. గోడలోని బలహీనతకు సాక్షి యెవడు? పూడ్చిన గొట్టమునకు, కప్పిన పునాదికి సాక్షి యెవడు? అట్టి పనులకు పురము తన సొంతకంటిని అమ్ముకొనరాదు. నేడు అంచనా వేయుటకును, పర్యవేక్షించుటకును, నాణ్యము పరీక్షించుటకును గూడ బయటివారినే నియమించు వాడుక పెరుగుచున్నది. చేతులను అద్దెకు తీసికొనవచ్చును. కన్నును గూడ అద్దెకు తీసికొనినవాడు తాను చూచితినని ఎట్లు ప్రమాణము చేయగలడు?

పూర్వులు ఈ విషయమున నిర్లక్ష్యముగా లేరు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు త్రవ్వించిన పెద్దచెరువును గూర్చి అది చెప్పుచు, రెండేండ్లు దినమునకు వేయిమంది పనివారును, నూరుబండ్లును పనిచేసినట్లు తెలుపుచున్నది. అంతటితో ఆగక, చెరువునకు 12 అంగములను, 6 దోషములను లెక్కించినది. అంగములలో మొదటిది ధర్మవంతుడైన ప్రభువు, రెండవది జలశాస్త్రమెరిగినవాడు, చివరిది కట్టడమునందు నేర్పుగల పనివారి గుంపు. కట్టనుండి నీరూరుట దోషములలో నొకటి. ధర్మమును, శాస్త్రమును, నేర్పును ఒక్క రాతిమీద, ఒక్క పట్టికలో చెక్కించిన ఆ దృష్టి మెచ్చదగినది. ప్రభువు ధర్మము వేరు, కట్టకు మట్టి వేరు అని ఆ శాసనకర్త తలపలేదు. ఆ చెరువు నేటికిని ఉన్నది. కౌటిల్యుని అర్థశాస్త్రమునందు, సంఘముగా కూడి పని యొప్పుకొనినవారికి ఒడంబడిక గడువునకు మీద ఏడు రాత్రుల వెసలుబాటు చెప్పబడినది. దండనీతిలో కఠినుడని పేరుపడినవాడు సైతము పనికి తన సొంతకాలమొకటి కలదని గుర్తించెను.

కావున మేము కోరునవి పెద్దసంస్కరణములు కావు. మొదటిది: కప్పిపుచ్చబడు ప్రతిపనిని కప్పకముందు పురముయొక్క సొంత ఇంజనీరు కన్నులార చూచి సంతకము చేయవలెను. రెండవది: గడువు చాలదని గుత్తదారుగాని, ఇంజనీరుగాని వ్రాసియిచ్చినచో, అయినను కట్టుమని ఆజ్ఞాపించువాడు తన పేరు వ్రాసి సంతకము చేసినగాని పని సాగరాదు. నోటిమాటతో తొందరపెట్టు అలవాటు దీనితో చాలవరకు అడగును. మూడవది: పని సరిగా ముగించినవానికి నియమితదినమున సొమ్ము చెల్లింపవలెను, చెల్లింపనిచో వడ్డీతో చెల్లింపవలెను. నాలుగవది: నేడు శిలాఫలకములమీద ప్రారంభించిన ప్రముఖుల పేర్లు మాత్రమే చెక్కుచున్నారు. వానిప్రక్కనే రూపకల్పన చేసినవాని పేరును, కొలిచినవాని పేరును, కట్టినవాని పేరును, పూచీ గడువును చెక్కవలెను. కీర్తికి పేరుండి బాధ్యతకు పేరులేకుండుట న్యాయము కాదు.

ఇక గృహస్థులమగు మనము నిర్దోషులమా? మన ఇల్లు కట్టించునప్పుడు మేస్త్రీని మొదట ఎంతకు చేయుదువని యడుగుదుము. ఎట్లు చేయుదువని యడుగుట తక్కువ. గృహప్రవేశమునకు ముహూర్తము పెట్టించి, గోడ ఆరుటకు ముహూర్తము పెట్టము. మన ఇంటి రాళ్లు రప్పలు వీథికాలువలో పోసి, కాలువ పొంగినప్పుడు కంట్రాక్టరును తిట్టుదుము. ఉత్సవమునకు, ఎన్నికలకు, ప్రముఖుల రాకకు అన్నియు సిద్ధమై యుండవలెనని తొందరపెట్టు గొంతులలో మన గొంతు కూడ కలదు. అధికారి తొందర ఆకాశమునుండి ఊడిపడినది కాదు.

మన చేతిలో నున్న హక్కునైనను మనము వాడుకొనుచున్నామా? 2005 నాటి సమాచారహక్కు చట్టము కాగితములను చూచు హక్కును మాత్రమే గాక, ప్రభుత్వపు పనులను స్వయముగా తనిఖీచేయుటకును, వాడిన సరకుల నమూనాలను ధ్రువీకరణతో పుచ్చుకొనుటకును ప్రతిపౌరునకు హక్కిచ్చినది. ఒక వీథివారు పదిమంది కూడి, తమ కాలువకు వాడిన కాంక్రీటు నమూనాను ఒక్కసారి అడిగి పరీక్ష చేయించినచో, ఆ వార్డులో తరువాతి పని ఎట్లు జరుగునో చూడవచ్చును. చదువుకొనిన గృహిణులు, పింఛను పుచ్చుకొనుచున్న పెద్దలు, కళాశాల విద్యార్థులు ఇందుకు పూనుకొనదగును. దీనికి ధైర్యముకంటె ఓపిక ఎక్కువ కావలెను.

1858లో ఈ పురపాలనమును నెలకొల్పినవారు స్వచ్ఛందముగా కూడినవారు. వారికి పురము తమది. నేడు మనము పన్ను కట్టి పురమును ప్రభుత్వమునకు గుత్తకిచ్చితిమి. ప్రభుత్వము పనులను కంట్రాక్టరునకు గుత్తకిచ్చినది. కంట్రాక్టరు వానిని చిన్న కంట్రాక్టరునకు, వాడు మేస్త్రీకి ఇచ్చుచున్నారు. ఈ గొలుసునకు మొదటి కొన మన చేతిలోనిదే. దానిని మనము విడిచితిమి గనుక మిగిలినవారును విడిచిరి. దానిని మరల పట్టుకొనుటకు ఎవ్వరి ఉత్తరువును అక్కరలేదు. రేపు మన వీథిలో కాలువ త్రవ్వునప్పుడు గుమ్మము దాటి బయటికి వచ్చి, దాని అడుగున ఏమి వేయుచున్నారో చూచి, అడిగి, వ్రాసి పెట్టుకొనుటయే మొదటిపని.